పడుకుంటే తగ్గిపోతుంది

ఈ సంచికకు ఏదైనా రాసిమ్మని సంపాదకవర్గంలో ఉన్న మిత్రుడు పదిరోజులుగా వెంటపడుతున్నాడు. "హాస్యంగా రాయరా, హాస్టలు సాంబారు మీద రాయి" అన్నాడు. సాంబారు మీద మనవాళ్ళు ఏటేటా రాస్తూనే ఉన్నారు, అది మాత్రం చిక్కబడలేదు. అందుచేత వేరే సంగతి రాస్తున్నాను. ఇది హాస్యం కాదు. ఇందులో నా తప్పు కూడా ఉంది.

రెండేళ్ళ క్రితం మాట. కొత్తగా చేరిన విద్యార్థులకు స్వాగతం చెప్పే సాయంత్రం. ఆడిటోరియంలో ఉపన్యాసాలు, పాటలు, కాగితప్పళ్ళాల్లో మిక్చరు, అన్నీ సక్రమంగానే జరిగాయి. అసలు పార్టీ ఆ తరవాత హాస్టలు వెనక బ్లాకు మేడమీద జరిగింది. అలాంటివి జరుగుతాయని అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు.

అయిదేళ్ళ కోర్సులో మొదటి సంవత్సరం కుర్రాడొకడు ఉన్నాడు. పేరెందుకు గాని, "తమ్ముడూ" అనే పిలిచేవాళ్ళం. పద్దెనిమిది నిండడానికి ఇంకా మూడు నెలలుంది. అంతకుముందు ఎన్నడూ ముట్టినవాడు కాదు. "మగాడివేనా?" అని ఒకడు, "సీనియర్లు ఇస్తే వద్దంటావా?" అని ఇంకొకడు. గంట తిరక్కుండా క్వార్టరు సీసా పైచిలుకు తాగించారు. "తాగించారు" అని రాశాను గాని, ఆ గ్లాసుల్లో ఒకటి నేను అందించిందే.

పదిన్నరకి వాంతి చేసుకుని గోడవారగా ఒరిగిపోయాడు. "ఏం ఫరవాలేదు, పడుకుంటే తగ్గిపోతుంది" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఒకడు నిమ్మకాయ పిండిన మజ్జిగ పట్టుకొచ్చాడు. ఒకడు కుళాయికింద కూచోబెట్టి నెత్తిన నీళ్ళు పోశాడు. తరవాత తడిబట్టలతోనే మోసుకొచ్చి మంచంమీద వెల్లకిలా పడుకోబెట్టాం. కాసేపటికి గుర్రుమని గురక మొదలైంది. "చూశావా, హాయిగా నిద్రపోతున్నాడు" అని నవ్వుకున్నాం కూడా.

పదకొండుంబావుకి మా పక్కగది ఫార్మసీ విద్యార్థి నీళ్ళకని అటు వచ్చాడు. గురక విని ఆగాడు. చెవి గట్టిగా మెలిపెట్టాడు, కదలిక లేదు. గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టాడు. "నిమిషానికి ఏడు. పెదాలు చూడండి, నీలంగా ఉన్నాయి. నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యండ్రా" అంటూ కుర్రాణ్ణి ఎడమపక్కకి తిప్పి పడుకోబెట్టాడు.

మేం ఫోన్ చెయ్యలేదు. తర్కించుకున్నాం. వార్డెన్‌గారికి తెలిస్తే? పోలీసులొస్తే? సస్పెండు చేస్తే? ఇంట్లో ఏం చెప్పాలి? ఇలా ఇరవై నిమిషాలు. అంతసేపూ అతను ఆ కుర్రాడి గడ్డం పైకెత్తి పట్టుకుని, నోట్లోంచి కారేది తుడుస్తూ కూచున్నాడు. ఆఖరికి ఆ ఫోనూ ఒంటిచేత్తో అతనే చేశాడు.

పెద్దాసుపత్రి కేజువాలిటీలో ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ మాకంటే నాలుగైదేళ్ళు పెద్దదయి ఉంటుంది. తిట్టలేదు, ఉపదేశం చెయ్యలేదు. నోరు శుభ్రం చేయించి ఆక్సిజన్ పెట్టారు. వేలికి క్లిప్పు తగిలించారు. వేలు గుచ్చి రక్తంలో చక్కెర చూస్తే 48 ఉంది. వెంటనే నరంలోకి గ్లూకోజు ఎక్కించారు. తల తడిమి ఎక్కడైనా దెబ్బ ఉందేమో చూశారు. తడిచొక్కా కత్తిరించి కంబళి కప్పారు. అప్పుడు మావైపు తిరిగి నాలుగు ప్రశ్నలడిగారు: ఏం తాగాడు, ఎంత తాగాడు, ఎప్పుడు తాగాడు, ఇంకేమైనా మింగాడా?

"బీరు మేడమ్, ఒక్కటే" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసి, "బాబూ, నేను పోలీసుని కాదు. మీరు చెప్పిన అబద్ధానికి వైద్యం చేస్తే ఈ అబ్బాయి దక్కడు" అన్నారు.

మూలనున్న మావాడొకడు ఏడుపు మొదలుపెట్టాడు. మత్తు బాగా ఎక్కుతుందని చెప్పి ఆ కుర్రాడిచేత రెండు నిద్రమాత్రలు మింగించారట. ఖాళీ అట్ట వాడి జేబులోనే ఉంది. తీసి ఇచ్చాడు. ఆవిడ అది చూడగానే మత్తుమందు డాక్టరుని పిలిపించారు. పది నిమిషాల్లో కుర్రాడి గొంతులోకి గొట్టం వేసి, కృత్రిమశ్వాస యంత్రానికి కలిపి పైకి తీసుకుపోయారు.

తెల్లవారుజామున మెట్లమీద కూచున్న మాకు ఆవిడ చెప్పిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను. ఈ వ్యాసంలో మిగతాది మరిచిపోయినా ఫరవాలేదు, ఇది గుర్తుంచుకోండి.

తాగడం ఆపగానే మత్తు ఎక్కడం ఆగదు. కడుపులో మిగిలినది రక్తంలో కలుస్తూనే ఉంటుంది గనక, పడుకున్న తరవాత కూడా మనిషి ఇంకా లోతుకి పోతాడు. మితిమీరితే ఊపిరి తీసుకొమ్మని చెప్పే మెదడుభాగమే మొద్దుబారుతుంది. గొంతులో ఏదన్నా అడ్డుపడితే దగ్గే శక్తి కూడా పోతుంది. వెల్లకిలా ఉన్నవాడికి వాంతి వస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మేం హాయైన నిద్ర అనుకున్న గురక, నాలుక వెనక్కి జారి గాలికి దారి మూసుకుపోతున్న చప్పుడు. నిద్రమాత్రలు, నల్లమందు జాతి మందులు కూడా ఊపిరిని అణిచేవే. రెండూ కలిస్తే ప్రమాదం ఎన్నో రెట్లు. నల్లమందు జాతికి నాలోక్సోన్ అనే విరుగుడు ఉంది, సారాయికి అలాంటి విరుగుడు లేదు. ఊపిరి నిలబెట్టి, కాలేయం దాన్ని తన వేగంతో తాను అరగదీసేదాకా కాపలా కాయడమే వైద్యం. కాఫీ, మజ్జిగ, నిమ్మరసం ఆ వేగాన్ని పెంచలేవు. చన్నీళ్ళు అసలే చల్లబడుతున్న ఒంటిని ఇంకా చల్లబరుస్తాయి. చిన్నవయసువాళ్ళలో చక్కెర కూడా చప్పున పడిపోతుంది.

కాబట్టి పిలిస్తే పలకకపోయినా, ఊపిరి నిమిషానికి ఎనిమిదికి తగ్గినా, రెండు ఊపిరులమధ్య పది సెకన్లు దాటినా, ఒళ్ళు చల్లబడి పెదాలు నీలమైనా, ఫిట్సు వచ్చినా ఆలోచించకండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పొయ్యకండి, బలవంతంగా కక్కించకండి, ఒంటరిగా వదలకండి, 108కి ఫోన్ చెయ్యండి. ఆ సర్వీసు 2005 నుంచీ మన రాష్ట్రంలో ఉంది, కానీ కూడా అక్కర్లేదు. ఆస్పత్రిలో ఉన్నదున్నట్టు చెప్పండి, అట్టలూ సీసాలూ పట్టుకెళ్ళండి.

మేం భయపడ్డ పోలీసుల సంగతి. ఆస్పత్రిలో కాగితం రాస్తారు, నిజమే. కాని ముందు ప్రాణం, తరవాతే కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పింది. ఇంకో చట్టం సంగతి నాకు ఆ తరవాత తెలిసింది. 2015 నాటి బాలల న్యాయచట్టం ప్రకారం పద్దెనిమిది నిండనివారికి మద్యమో మత్తుమందో ఇచ్చినవాడికి ఏడేళ్ళదాకా కఠినశిక్ష పడవచ్చు. అంటే ఆ రాత్రి భయపడవలసినవాడు మంచంమీద ఉన్న కుర్రాడు కాదు, గ్లాసు అందించిన నేను.

పొద్దున్న ఏడింటికి వాళ్ళ నాన్నగారు వచ్చారు. రాత్రి బస్సు దొరక్క, కూరగాయల వ్యానెక్కి వచ్చారట. భుజాన తువ్వాలు, కాళ్ళకి పొలం మట్టి. కొడుకుని అద్దంలోంచి చూసి వచ్చి నా పక్కన కూచున్నారు. ఎవరు తాగించారని గాని, ఎందుకు తాగాడని గాని అడగలేదు. "ఎన్నింటికి తీసుకొచ్చారు బాబూ?" అని ఒక్కమాట అడిగారు.

"చూడగానే, వెంటనే తెచ్చామండీ" అన్నాను.

ఆయన నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. డాక్టరమ్మ దగ్గర నా అబద్ధం నిమిషంలో బయటపడింది. ఈ అబద్ధం రెండేళ్ళు నాలోనే ఉండిపోయింది.

మూడోరోజుకి కుర్రాడు కళ్ళు తెరిచాడు. నెల తరవాత మళ్ళీ క్లాసుకి వచ్చాడు. ఇప్పుడు మూడో సంవత్సరంలో ఉన్నాడు. అందరికీ ఇలా అవుతుందని చెప్పలేను. ఇంకో అరగంట ఆలస్యమై ఉంటే ఈ వ్యాసం సంతాపవ్యాసం అయ్యేది.

మన యూనియన్‌కీ, గురువులకీ ఒక మనవి. హాస్టల్లో తాగకూడదన్న నిబంధన ఉండవలసిందే. కాని స్నేహితుడి ప్రాణం కోసం ఫోన్ చేసినవాణ్ణి ఆ నిబంధన కింద శిక్షించబోమని కూడా నోటీసు బోర్డుమీద రాయించండి. మా ఇరవై నిమిషాలు తిన్నది ఆ భయమే. పైన చెప్పిన గుర్తులు కూడా ప్రతి బ్లాకులో మెట్లదగ్గర అంటించండి.

ఈ వ్యాసం అచ్చుకిచ్చేముందు ఆ తమ్ముడికి చదివి వినిపించాను. వద్దంటే మానేద్దామనుకున్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "అచ్చయ్యాక ఒక కాపీ నాన్నకి పంపించన్నా" అన్నాడు.

పంపుతాను. ఆయన అడిగిన ప్రశ్నకి నేను ఇవ్వవలసిన జవాబు అందులో ఉంది.