గర్భంలో నిక్షిప్తమైనది: చితి, స్తూపం, దేవాలయం

పల్నాటి సీమలోని చేజెర్ల గ్రామంలో కపోతేశ్వరస్వామి ఆలయం ఉన్నది. దాని విమానం ఏనుగు వెనుకభాగం వలె వంపు తిరిగి ఉండటం చేత శిల్పశాస్త్ర పరిభాషలో దానిని గజపృష్ఠ విమానం అంటారు. ముఖభాగంలోని లాడం ఆకారపు తోరణం బౌద్ధ చైత్యగృహాలను స్మరణకు తెస్తుంది. ఇది పూర్వం బౌద్ధ చైత్యమేనని కొందరు పురావస్తు పండితులు, ఆదినుండి శివాలయమేనని మరికొందరు వాదించారు. ఈ వాదం చెవిని పడిన భక్తుని హృదయంలో ఒక శంక మొలకెత్తుతుంది: ఇతరులు తమ ఆరాధన కోసం కట్టుకున్న మందిరమైతే, ఇక్కడ చేసిన అభిషేకం ఫలిస్తుందా? దీనికి ఎదురుగా మరొక ఆక్షేపణ వినబడుతుంది: పరుల సొత్తులో దైవాన్ని నిలిపారు కదా అని.

శంకకూ ఆక్షేపణకూ మూలం ఒక్కటే. కట్టడపు ఆకృతియే దాని ప్రాణమని ఇద్దరూ భావిస్తున్నారు. ఆకృతి శిల్పి ఇచ్చేది. అది ఏ ఒక్క మతానికీ సొంతం కాదు. ఏలూరు జిల్లా గుంటుపల్లిలో కొండను తొలిచి చేసిన వర్తుల చైత్యగృహంలోనికి ప్రవేశించి పైకి చూస్తే, రాతి కప్పులో వాసాలు చెక్కి ఉంటాయి. రాతికి వాసాల అవసరం లేదు. వెదురుతోనూ కలపతోనూ గుడిసె వేసిన వడ్రంగి చేతివాటాన్నే ఆ శిల్పి రాతిలో అనుకరించాడు. గుడిమల్లంలోని పరశురామేశ్వరుని విమానమూ గజపృష్ఠమే. అచట 1973లో జరిగిన తవ్వకాలలో, అతి ప్రాచీనమైన ఆ లింగం చుట్టూ పూర్వం రాతి వేదిక ఉండేదని తెలిసింది. స్తూపం చుట్టూ కనబడే వేదికయే శివలింగం చుట్టూ కూడా నిలిచింది. కనుక ఆకారాన్ని చూసి ఇది వారిది, ఇది మనది అని విభజించటం సాధ్యం కాదు. విచారించవలసినది వేరు: గర్భంలో నిక్షిప్తమైనది ఏది?

వైదికులకు ఈ ప్రశ్న నూతనం కాదు. అగ్నిచయన క్రతువులో ఇటుకలతో ఐదు ప్రస్తారాలుగా చితిని నిర్మిస్తారు. పక్షి ఆకారంలో నిర్మిస్తే శ్యేనచితి, బండిచక్రం ఆకారంలో నిర్మిస్తే రథచక్రచితి. మొదటి ఇటుకల వరుస పరవకముందే పద్మపత్రం, దానిపై సువర్ణఫలకం, ఆపైన హిరణ్మయ పురుషుని ప్రతిమ ఉంచుతారు. సజీవమైన కూర్మాన్ని కూడా అడుగున నిక్షేపిస్తారు. చితి పూర్తయిన పిమ్మట ఇవేవీ కనబడవు. అయినా పైనున్న ఇటుకలన్నిటికీ అర్థం వాటివల్లనే సిద్ధిస్తుంది. చితి అనే పదానికీ చైత్యం అనే పదానికీ ధాతువు ఒక్కటే. పేర్చుట, కూర్చుట అని దాని అర్థం.

ఇక స్తూపం. బాపట్ల జిల్లా భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రీ స్తూపమధ్యాన్ని తవ్వించగా రాతి కరండాలు బయల్పడ్డాయి. వాటిపై ప్రాచీన బ్రాహ్మీ లిపిలో శాసనాలు, లోపల స్ఫటిక సముద్గకం, అందులో అస్థిధాతువు లభించాయి. బుద్ధుని శరీరధాతువులను నిక్షేపించుటకై పేటికను, స్ఫటిక సముద్గకాన్ని సిద్ధపరచిన దాతల నామాలను ఒక శాసనం పేర్కొంటున్నది. కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, వారితోపాటు శివుడనే పేరుగల మరొక వ్యక్తి. శివనామధారి బుద్ధధాతువుకు మంజూష సమర్పించాడు. ఆ కాలపు తెలుగునేలను అర్థం చేసుకొనుటకు ఈ ఒక్క పేరు చాలును.

అయితే సామ్యం కనబడినంత మాత్రాన భేదాన్ని కప్పిపుచ్చరాదు. అస్థి వైదికునికి ఆశౌచ హేతువు. ఆలయ సమీప వీధిలో శవం ఉన్నంతవరకు అనేక గ్రామాలలో స్వామికి నివేదన జరుగదు. అటువంటి ఆచారంలో పెరిగినవానికి, ఆరాధనకు కేంద్రస్థానంలో అస్థిని నిలుపుట ఎంతటి విపర్యయమో వేరే చెప్పనక్కరలేదు. దైవీ ప్రజలు శ్మశానాన్ని చతురస్రంగాను, ఆసుర ప్రజలూ ప్రాచ్యులూ వర్తులంగాను నిర్మిస్తారని శతపథ బ్రాహ్మణం 13వ కాండలో చెప్పబడింది. అనగా ఈ భేదం నేటిది కాదు. వైదికుడు హిరణ్మయ పురుషుని ఉంచినచోట బౌద్ధుడు మరణించిన మహాపురుషుని శేషాన్ని ఉంచాడు. ఒకరి నిక్షేపం అమృతత్వాన్ని సూచిస్తే, మరొకరి నిక్షేపం అనిత్యతను బోధిస్తుంది. ఆత్మ, అనాత్మ అనే సిద్ధాంత భేదం గ్రంథాలలోకంటె ముందే ఇటుకల అడుగున కూడా ఉన్నది.

ఆ భేదంతోనే కలిసి జీవించిన కుటుంబాలు ఇక్కడ ఉండేవి. క్రీస్తుశకం 3వ శతాబ్దంలో విజయపురిని ఏలిన ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం ఆచరించినవాడు. ఆయన సోదరి చాంతిశ్రీ నాగార్జునకొండపై మహాచైత్యాన్ని ఉద్ధరించినది. సోదరుడు యజ్వ, సోదరి బుద్ధోపాసిక. ఆ మహాచైత్యపు పునాది చక్రాకారంలో, నాభి నుండి ఆకులు వెలువడినట్లు నిర్మితమైనది. శుల్బసూత్రాలు చదివినవారికి దానిని చూడగానే రథచక్రచితి స్మరణకు వస్తుంది. ఒకటి మరొకదాని నుండి పుట్టిందని చెప్పటానికి ఆ పోలిక చాలదు. ఇరువురి హస్తాలకూ చక్రం పరిచితమైన పవిత్రరూపమని మాత్రం చెప్పవచ్చును.

అమరావతి శిల్పులు ఈ అదృశ్యతత్త్వాన్ని స్తూపం వెలుపలికి కూడా తెచ్చారు. బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి ఫలకం ఒకటి ఉన్నది. దాని ప్రాచీనమైన ముఖాన బోధివృక్షం, దానిక్రింద శూన్యాసనం, చుట్టూ అంజలి ఘటించిన భక్తులు. బుద్ధుని రూపం లేదు. సుమారు మూడు శతాబ్దాల పిమ్మట అదే ఫలకాన్ని త్రిప్పి రెండవ ముఖాన సంపూర్ణమైన స్తూపాన్ని చెక్కారు. ఆ కాలానికి బుద్ధుని మూర్తులు కూడా వెలిశాయి. శూన్యాసనానికి మ్రొక్కిన చేతులు మూర్తికీ మ్రొక్కాయి. సాలగ్రామంలోను, కలశోదకంలోను దైవాన్ని ఆవాహన చేసి అర్చించే వారికి ఈ శూన్యాసనపు భావం అపరిచితం కానేకాదు.

దేవాలయ నిర్మాణంలో గర్భన్యాసమనే సంస్కారం ఆగమాలలో విహితమైనది. గదులుగా విభజింపబడిన పాత్రలో ధాన్యాలు, లోహాలు, రత్నాలు ఉంచి, రాత్రివేళ మంత్రపూర్వకంగా పునాదిలో నిక్షేపిస్తారు. బీజం గర్భంలో పడితేనే దేహం పెరుగుతుంది. పిమ్మట ప్రాణప్రతిష్ఠ, ఆపైన నిత్యార్చన. ఈ మూడింటివల్లనే రాయి దేవుడవుతున్నది. చేజెర్ల విషయంలో భక్తునికి సమాధానం ఇదే. పై కప్పు ఎవరు వేశారన్నది చరిత్రకారుని ప్రశ్న. దానికి సత్యమైన సమాధానం ఏదైనా కావచ్చును, దానివల్ల లింగానికి లోపం రాదు. సత్యాన్ని విని చలించే శ్రద్ధ శ్రద్ధయే కాదు. అట్లే, పూర్వులైన బౌద్ధ భిక్షువులు అచట ధ్యానించి ఉంటే వారికి ఒక నమస్కారం చేయుటవల్ల శివభక్తికి తరుగు లేదు.

అదీగాక చేజెర్ల స్వామి నామమే ఒక వంతెన. శరణుజొచ్చిన కపోతం కోసం తన దేహమాంసాన్ని కోసి తులలో వేసిన శిబి చక్రవర్తి కథ మహాభారతంలో ఉన్నది. బౌద్ధులు దానినే బోధిసత్త్వుని పూర్వజన్మ వృత్తాంతంగా చెప్పుకొని అజంతా గోడలపై చిత్రించారు. ఆ శిబియే లింగరూపం ధరించాడని స్థలపురాణం. సిద్ధాంతంలో ఏకీభవించని ఇరుపక్షాలూ త్యాగం ముందు ఒకే విధంగా శిరస్సు వంచాయి.

ఛాందోగ్యంలోని దహరవిద్య ఈ దేహాన్నే బ్రహ్మపురమని, అందులోని హృదయపద్మంలో అల్పమైన ఆకాశమున్నదని, అన్వేషింపదగినది అందులోనిదేనని ఉపదేశిస్తున్నది. ఆలయంలోగాని స్తూపం వద్దగాని ప్రదక్షిణం చేసే సాధకుడు గోడలపై కాక లోనున్న నిక్షేపంపై చిత్తాన్ని నిలపాలి. అడుగు అడుగుకూ తనను తాను ప్రశ్నించుకోవాలి: ఈ దేహమనే కట్టడంలో ఇంతకాలంగా తాను దాచి ఉంచినది ఏమిటి? ద్వేషమా, దానమా? ఆ ప్రశ్నకు సమాధానం మరొకరు తవ్వి చెప్పగలిగినది కాదు.

శుభం భూయాత్.