పాతబండి పరామరిక

మేము ఇచ్చోడలో సైన్సు ఉపాధ్యాయులుగా పనిచేయుచుండగా, 2011లో, పదునాలుగేండ్ల ప్రాయముగల మారుతి 800 కారు నొకదానిని కొంటిమి. కొన్ననాడే కొబ్బరికాయ కొట్టి, చక్రముల క్రింద నిమ్మకాయల నుంచి నడిపించితిమి. ప్రతి ఆదివారమును దానిని కడిగి, మా మొగము కనబడునంత మెరుగుపెట్టుచుంటిమి. బానెట్టు నెత్తి చూచుట మాత్రము మా పనిగా తోచలేదు. అది మసిచేతులవారి పని. మేము సుద్దముక్క పట్టినవారము. మరుసటి యేడు పదునైదేండ్ల గడువు నిండగా, చట్టప్రకారము పరీక్ష చేయించి, నమోదును మరి యైదేండ్లకు పొడిగించుకొంటిమి. కాగితము చేతికి వచ్చినది గనుక ఇక బండికి లోపము లేదని నిశ్చింతగా నుంటిమి.

2012 డిసెంబరులో ఒక రాత్రి పొరుగింటి తల్లి మా తలుపు తట్టెను. "సార్, మా పిలగానికి దమ్మాడుత లేదు. జెర బండి తియ్యుండ్రి" అనెను. ఆరేండ్ల పిల్లవాడు, ఉబ్బసము. ఆదిలాబాదునకు సుమారు 30 కిలోమీటర్లు. ఆ ప్రాంతమున చలికాలపు రాత్రులు 10 డిగ్రీలకు దిగువకు పోవుట యరుదు కాదు. చోకు లాగి తాళము త్రిప్పితిమి. బండి రెండుసార్లు మూల్గి ఊరకుండెను. వాడకట్టు యువకులు నలుగురు వచ్చి ఆ కొసనుండి ఈ కొసకు నెట్టిరి. ఇరువది నిమిషములు గడచెను. చివరకు జాతీయరహదారిపై నాగపూరువైపు పోవు లారీ నాపి, తల్లీబిడ్డల నెక్కించితిమి. పిల్లవాడు బ్రతికెను. ఆ తల్లి మమ్ము పల్లెత్తు మాట అనలేదు. అనినచో మాకు కొంత తేలికయై యుండెడిది.

మరునాడు మెకానిక్కు వచ్చి, గాలివడపోత పెట్టె మూత విప్పి, లోని కాగితపు ఫిల్టరును నేలపై రెండుమార్లు తట్టెను. దుమ్మును, పత్తిబండ్ల కాలమున గాలిలో తేలు నూగును గుప్పెడు రాలెను. "సార్, ముక్కులు మూసి ఉరుకుమంటె ఎట్ల ఉరుకుతది?" అనెను.

మేము సిగ్గుపడితిమి. దహనక్రియకు ప్రాణవాయువు కావలయునని ఏటేట తరగతిలో చెప్పుచుండినవారము మేమే. గాలి తగ్గిన పెట్రోలు పూర్తిగా మండదు, మండనిది మసియగును, మసి ప్లగ్గుల మొనలకు పట్టి, నిప్పురవ్వ పుట్టవలసినచోట పుట్టనీయదు. ఈ బండికి సిలిండర్లు మూడు, ప్లగ్గులు మూడు. మూడును బొగ్గువలె నుండెను. బ్యాటరీ కొసలకు తెల్లని చిట్టెము కట్టియుండెను. చలికి బ్యాటరీ బలము తగ్గును, ఇంజనులోని నూనె చిక్కబడును. వేసవిలో ఎట్లో సాగిన బండి ఆ రాత్రి ఆగుటకు ఇంతకుమించిన రహస్యము లేదు. పాఠము నోటనుండెను గాని బానెట్టు క్రిందికి దిగలేదు. సామగ్రికైన ఖర్చు వేయి రూపాయలకు లోపే.

నాటినుండి సెలవుదినములలో ఆ మెకానిక్కు చెంత కూర్చుండి నేర్చుకొంటిమి. ప్లగ్గు మొనలనడుమ ఎడము సుమారు ముక్కాలు మిల్లీమీటరు. కంటితో కాదు, రేకుగేజితో చూడవలయును. బ్యాటరీ చిట్టెమును వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరినపిదప వాసెలిన్ రాయవలయును. తీగ విప్పునపుడు ముందు నెగటివు కొస. ఇంజను నూనెను బండి చల్లారి సమతలమున నున్నపుడు చూడవలయును. మేము 5,000 కిలోమీటర్లకు మార్పించుచున్నాము. పెట్రోలు గొట్టములను ఇటీవల మరింత శ్రద్ధతో చూచుచున్నాము, ఏలయన ఇప్పటి పెట్రోలులో నూటికి 20 పాళ్లవరకు ఎథనాలు కలియుచున్నది. ఈ ముసలిబండి రబ్బరు దానికై చేయబడినది కాదు.

అన్నిటికంటె బ్రేకునూనె సంగతి భయంకరము. అది గాలిలోని చెమ్మను పీల్చుకొనును. చెమ్మ చేరినకొలది తక్కువ వేడికే మరుగును. నిర్మలు ఘాటు దిగుచు మాటిమాటికి బ్రేకు నొక్కినపుడు అట్టి నూనె మరిగి బుడగలు కట్టెనా, పెడలు మెత్తగా అడుగంటును, బండి ఆగదు. ఇంజను మొరాయించిన దారిలో నిలుచుందుము, అంతే. ఐనను సీటు తొడుగులకు వెనుదీయక పెట్టువారు రెండేండ్ల కొకసారి ఈ నూనె మార్చుటకు బేరమాడుదురు. మేమును అట్లే ఆడితిమి.

మా కుమార్తెయు ఈ పని నేర్చినది. "ఆడపిల్లకు ఆ మసి ఏల?" అని బంధువులొకరు అడుగగా, ఆమె ప్లగ్గు తుడుచుచునే, "మసి కడిగితె పోతది పెద్దమ్మా" అనెను. బండి లెక్కల పుస్తకము ఇప్పుడు ఆమెదే.

నాటి పిల్లవాడు నేడు కళాశాల విద్యార్థి. మొన్నటి దసరాకు ఊరికి వచ్చి, మా బండిపూజకు నిమ్మకాయలు తెచ్చెను. వానిని చక్రముల క్రింద పెట్టబోవుచు ఆగి, "సార్, ఫిల్టర్ దులిపిండ్రా?" అని అడిగెను.