ఆవర్జాలలో మిగిలిన బీరు కంపెనీలు

స్కాట్లండు దేశమునకు పోయిన మనవారు ఎడింబరో కోటను, రాజమందిరమును చూచి మరలుదురు. మేమును చూచితిమి. కాని మా మనస్సునకు ఎక్కువగా పట్టినది కోటయు కాదు, మందిరమును కాదు. గ్లాస్గో విశ్వవిద్యాలయమువారి దస్తర భాండారమందలి పాత చిట్టా ఆవర్జాలు. అవి బీరు కంపెనీలవి. ఈ మాట చదివి మా సోదరీమణులు ముక్కుమీద వ్రేలు వేసికొందురని మే మెరుగుదుము. కొంచెము ఓపిక పట్టవలెనని మనవి.

మొదట ఎడింబరో సంగతి. కోటనుండి హోలీరూడ్ రాజమందిరమువరకు దిగు పాతవీధికి రాయల్ మైల్ అని పేరు. ఆ వీధి అడుగున, మందిరమున కెదురుగా, 2004లో ఎలిజబెత్ రాణి ప్రారంభించిన స్కాట్లండు శాసనసభా భవనము కలదు. దానిని రచించిన ఎన్రిక్ మిరాయెస్ అను శిల్పి అది పూర్తికాక మునుపే, 2000లో, కన్నుమూసెను. నేడు శాసనకర్తలు వాదించుకొను ఆ చోటనే అంతకుముందు బీరు కంపెనీవారి కట్టడము లుండెను.

బీరు వర్తకులు రాజమందిరపు వాకిటనే ఏల చేరిరి? నీటికొరకు. ఫౌంటెన్ బ్రిడ్జి మొదలుకొని హోలీరూడువరకు నేలక్రింద వంపుగా ఒక జలధార గలదు. ఆ బావుల నీరు ఖనిజ లవణములు గల కఠినజలము. మన యిండ్లలో పప్పు ఉడకని బావినీటిని ఎంత తిట్టుకొందుము! అట్టి నీరే అక్కడివారికి భాగ్యమైనది. లేతరంగు బీరునకు అదియే మేలట.

చేయు విధమును వంటయింటి మాటలలోనే చెప్పవచ్చును. యవలను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టుదురు. మనము రాగులతో చేయుటయు నిట్లే కదా. దానిని దంచి వేడినీట కలిపి, తీసిన తియ్యని రసమును హాప్సు అను చేదుపువ్వులతో కాచి, చల్లార్చి, ఈస్టు వేసి పులియబెట్టుదురు. వంటయింటి పని యనుట వట్టిమాట కాదు. అబర్డీను పట్టణమున 1509 నాటి పట్టికలో బీరు కాచువారు 150కి పైబడి యుండగా వారందరును స్త్రీలే. పదునారవ శతాబ్దము చివర ఎడింబరోలో వర్తకుల సంఘము ఏర్పడినది. పెద్ద కాగులు, పెద్ద పెట్టుబడి వచ్చినకొలది ఆ పని ఆడువారి చేతినుండి జారిపోయినది. లాభము తగిలిన పనులకు ఏ దేశమందైనను ఈ గతియే పట్టుచున్నది కాబోలు.

అయినను జారనీయని యిల్లాలొకతె కలదు. యంగర్ కంపెనీ 1749లో విలియం యంగర్ వలన పుట్టినదని కంపెనీవారు గర్వముగా చెప్పుకొనిరి. ఆతడు పుట్టినది 1733లో. అనగా అప్పటి కాతనికి పదునారేండ్లు! తరువాత ఆతడు సుంకపు ఉద్యోగము కూడ చేసియుండెను. బీరుమీద పన్ను వసూలు చేయువాడే బీరు వ్యాపారమునకు మూలపురుషు డగుట మాకు నవ్వు తెప్పించినది. నడివయస్సు నిండకమునుపే ఆతడు మరణించెను. భార్య గ్రిజెల్ సైమ్ మారుమనువాడెను. రెండవ భర్తయు పోయెను. అటుపిమ్మట ఆమె తానే వ్యాపారమును నడిపినది. కుమారులలో ఆర్చిబాల్డు 1778లో హోలీరూడు మఠపు ఆవరణలో వేరుగా బట్టీ పెట్టినాడు. కంపెనీ పేరులో తండ్రి నిలిచెను. తల్లి పేరు సీసాలమీది కెక్కలేదు.

ఎడింబరోలో పేరుపడిన మరియొకడు విలియం మెకీవన్. 1856లో ఫౌంటెన్ బ్రిడ్జియొద్ద కర్మాగారము స్థాపించి, 1886 మొదలు 1900 వరకు పార్లమెంటు సభ్యుడై, నగర విశ్వవిద్యాలయమునకు 1,15,000 పౌనుల వ్యయముతో మహాసభామందిరము కట్టించి యిచ్చెను. అది 1897లో తెరువబడినది. మేము పోయి చూచితిమి. గుమ్మటము, చిత్తరువులు కన్నుల పండువు. ఆతడు 1913లో చనిపోగా ఆస్తి కూతురు మార్గరెట్ గ్రెవిల్‌కు దక్కినది. ఆమె 1942లో మరణించుచు తన నగలను అప్పటి రాణికి వ్రాసియిచ్చెను. వానిలోని పచ్చల కిరీటమును 2018లో యూజెనీ రాకుమారి పెండ్లినాడు ధరించుట లోకమంతయు చూచినది. బీరు నురుగు రాచకన్నియ తల కెక్కినదన్నమాట.

కంపెనీల కథ తరువాత త్వరగా ముగిసినది. యంగరు, మెకీవను కంపెనీలు 1931లో కలిసినవి. 1960లో న్యూకాసిల్ వారితో కలిసినవి. ఫౌంటెన్ బ్రిడ్జి కర్మాగారము 2004లో మూతపడెను. 2008లో ఆ మహాకంపెనీని విదేశీయులు కొని పంచుకొనిరి. కర్మాగారము మూసినపుడు మొదట వీధినబడునవి పాత పుస్తకములే. హెరియట్ వాట్ విశ్వవిద్యాలయమున 1982లో వానికొక భాండార మేర్పరచిరి. 1991లో అది గ్లాస్గోకు తరలినది.

అచట సిరాకలము పనికిరాదు, పెన్సిలే. మెత్తటి దిండుమీద పుస్తకమును పరుండబెట్టి, పసిబిడ్డను చూపినట్లు చూపిరి. బట్టీ పుస్తకమున ఏనాడు ఎంత మాల్టు, ఎన్ని పౌనుల హాప్సు, నీటివేడి ఎంత, రసపు చిక్కదన మెంత, అన్నియు వరుసగా వ్రాసియున్నవి. ఉత్తరముల పుస్తకములు, సీసాల చీటీలు, జీతముల పద్దులు వేరు. పందొమ్మిదవ శతాబ్దమున యంగర్ బీరు ఓడలమీద మన దేశమునకును వచ్చెను.

జీతముల పద్దు పుటలు త్రిప్పుచుండగా మాలో ఒకరు మెల్లగా నడిగిరి: "ఇందులో ఇల్లుచేరిన దెంత?" పుటలో ఆ గడి లేదు. అమ్మిన పీపాల లెక్క ఒకచోట, ఇచ్చిన కూలి లెక్క మరియొకచోట ఉన్నది. ఆ కూలిలో ఎంత మరల ఆ పీపాలకే పోయినదో ఏ గుమస్తా వ్రాయును? ఆ లెక్క నెరిగిన స్త్రీలు ఆ దేశమందు లేకపోలేదు. 1913 నాటి చట్టమువలన 1920 నుండి ఊరివారే వోటువేసి మద్యపు దుకాణములను మూయించుకొను వీలు కలిగెను. ఉత్తరమున విక్ అను రేవుపట్టణము 1922 మొదలు 1947 వరకు అట్లు మూసికొనియుండెను. మాకు మన నెల్లూరు మండలపు దూబగుంట జ్ఞప్తికి వచ్చినది. 1992లో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు అచట సారాపై లేచిరి; 1993 అక్టోబరులో రాష్ట్రమున సారా నిషిద్ధమైనది.

అట్లని ఆ పుస్తకములను కాల్చివేసిన బాగుండునని మేమనము. అవి లేకున్న అబర్డీను స్త్రీలును, గ్రిజెలమ్మయు మనకు తెలిసియే యుండరు.

సాయంకాలము అధికారిణి వచ్చి పుస్తకమును నాడాతో కట్టి లోనికి కొనిపోయెను. వెలుపల వాన. ఎదుటి మూల తేనీటి అంగడి తెరచియుండుట చూచి గబగబ నడచితిమి.