కొర్రబయలున ఊయల పడక

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలమున, సముద్రమట్టమునకు ఇంచుమించు 1000 మీటర్ల యెత్తున లంబసింగి యున్నది. కొర్రబయలని దానికి మాఱుపేరు. ఆరుబయట నున్నవాఁడు కొర్రువలె బిగిసిపోవునని భావము. పుష్యమాసమున అచట చెట్లనడుమ ఊయలలు కట్టి మేమొక రాత్రి గడిపితిమి.

సోదరీమణులారా! ఊయలలో చలి పైనుండికంటె క్రిందినుండియే యెక్కువ బాధించును. మన బరువునకు బొంతలోని దూది యణఁగి, వెచ్చఁదనమును నిలుపు గాలి తొలఁగిపోవును. కావున నొక బొంతను ఊయల యడుగున, వెలుపలివైపున, ఒత్తుకొనకుండ వ్రేలాడఁగట్టవలెను. త్రాడు బెరడును కోయకుండ చెట్టునకు వెడల్పైన నవారు చుట్టవలెను. మంచు నీరై త్రాటివెంట లోనికి జాఱును. ఊయలకు జానెడు దూరమున త్రాటికొక నూలుపోగు వ్రేలాడఁగట్టిన, నీరచటనే బొట్లుగా రాలును. పైని టార్పాలినును గాలివాటునకు క్రిందికి దించి కట్టవలెను.

నడిరేయి చలికి తాళలేక మా మఱఁదలు కుంపటిని టార్పాలిను లోనికి తెత్తు ననెను. మేము వలదంటిమి. మూసినచోట రగులు బొగ్గులనుండి రంగును వాసనయు లేని విషవాయువు పుట్టి, నిద్రలోనే ప్రాణము తీయును. వేడినీటి రబ్బరుసంచిని గుడ్డలో చుట్టి ఆమె పాదములచెంత నుంచితిమి.

తెల్లవాఱుసరికి లోయ పాలసముద్రమై యుండెను. మా మఱఁదలే మమ్ము లేపి దానిని చూపెను.