భూమి నడిమి గోళమును గూర్చి

కొన్ని సంవత్సరముల క్రిందట నొకనాడు తొమ్మిదవ తరగతికి భూమి నిర్మాణమును బోధించుచు, నల్లబల్లపై ఒకదానిలో నొకటిగా వలయములు గీచి, అన్నిటికిని నడుమ నున్నది ఘనగోళమనియు, దానిచుట్టు నున్నది కరగిన యినుమనియు చెప్పితిని. వెనుక బల్లనుండి యొక బాలిక లేచి, "మాస్టారూ, అక్కడికి ఎవరును పోలేదు గదా! అది గట్టిదని యెట్లు తెలిసినది?" అని యడిగెను. "అది పరీక్షకు రాదు, కూర్చో" అంటిని. నిజమేమనగా, నాకును తెలియదు. శిక్షణ కళాశాలలో విద్యార్థులను ప్రశ్నించు పద్ధతులు నేర్చితినిగాని, తెలియనప్పుడు తెలియదనుట నేర్వనైతిని. సిగ్గుపడి ఆ సాయంకాలమే పుస్తకములు తిరుగవేసితిని. అందు నాకు కనబడిన పేరు ఇంగే లేమన్.

ఈమె 1888 మే 13న డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హాగెన్‌లో జన్మించెను. చదివినది హన్నా ఆడ్లర్ అను విదుషి స్థాపించిన పాఠశాలలో. అచ్చట బాలురును కుట్టుపని నేర్చిరి, బాలికలును బంతియాట నాడిరి. బుద్ధియందు బాలబాలికలకు భేదము కలదని అచ్చట నెవరును తలంపరైరి. వెలుపలి లోకమట్లు లేదని తరువాత తెలిసి తాను నొచ్చుకొంటినని ఆమెయే చెప్పియున్నది. కేంబ్రిడ్జిలో గణితము చదువబోయి, అలసి 1911లో ఇంటికి మరలి, కొన్నియేండ్లు భీమా లెక్కలు వేసెను. భూకంపశాస్త్రమున నడుగిడినది 1925లో, ముప్పదియేడవ యేట! మన పిల్లలకు పదునారేండ్లకే జీవితమార్గము నిర్ణయము కావలెనని తొందరపడు తలిదండ్రులు ఈ సంగతి గమనింతురుగాక.

ఇక ఆ బాలిక ప్రశ్నకు వచ్చెదను. భూమి కంపించినప్పుడు పుట్టు తరంగములు భూమిలోపలినుండి పోయి దూరదేశముల యందలి యంత్రములపై గీతలుగా పడును. వానిలో మొదట చేరునవి ఘనద్రవములు రెండింటను సాగును. రెండవజాతివి ద్రవమున సాగవు. మన దేశపు భూవిజ్ఞాన శాఖలో పనిచేసి 1897 నాటి అస్సాము భూకంపమును పరిశీలించిన ఓల్డ్‌హామ్ దొర, భూమికి వేరొక కేంద్రమండలము కలదని 1906లో తెలిపెను. అది ద్రవమని 1926లో జెఫ్రీస్ నిరూపించెను. ఆ ద్రవము మొదటి తరంగములను వంచివేయుటచేత, భూకంపస్థానమునకు రమారమి 104 మొదలు 140 డిగ్రీల దూరమువరకు అవి చేరని నీడపట్టు ఏర్పడవలెను.

1929 జూనులో న్యూజిలాండున గొప్ప భూకంపము కలిగెను. నీడపట్టులోనే, రష్యాదేశపు కేంద్రములందు, సన్నని గీతలు కనబడెను. అవి ద్రవగోళపు అంచున వంగి వచ్చినవని పెద్దలు సరిపెట్టుకొనిరి. లేమన్ సరిపెట్టుకొనలేదు. ఆదివారములందు తోటలో బల్లవేసికొని, ఓటుపిండి అట్టపెట్టెలలో భూకంపముల కాలములు వ్రాసిన చీటీలను పేర్చి లెక్కించుచుండెడిదని ఆమె బంధువొకరు చెప్పిరి. గణకయంత్రములు లేని రోజులవి. ద్రవము నడుమ, తరంగములు మరింత వేగముగా సాగు వేరొక గోళమున్నచో ఆ గీతలకు కారణము దొరకునని 1936లో ప్రకటించెను. ఆ వ్యాసము పేరు ఒక్క యక్షరము, దానిపై నొక గుర్తు మాత్రమే! ఆ గోళము ఘనమేయని 1971లో దృఢపడెను. 1953లో ఉద్యోగవిరామము పొందియు ఆమె పరిశోధన మానలేదు. 1993 ఫిబ్రవరి 21న 104 ఏండ్ల వయస్సున మృతినొందెను.

మరుసటి వారము ఇదంతయు తరగతిలో చెప్పి, ఆనాడు అడిగినందుకు కూర్చోమన్నది నా తప్పేయని ఒప్పుకొంటిని. ఆ బాలిక మరల లేచి, "మరి ఆ గోళములోపల నింకొకటి యున్నదేమో?" అనెను. తెలియదంటిని.

2023లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు, నడిమి గోళపు నడుమ రమారమి 650 కిలోమీటర్ల వ్యాసార్ధముగల వేరొక భాగమున్నదని క్రొత్త సాక్ష్యము చూపినట్లు పత్రికలో చదివితిని. అప్పటికా బాలిక మన పాఠశాల విడిచి కళాశాలలో చదువుచుండెను. ఆ వార్తను కత్తిరించి, ఆమె తమ్ముడు మన ఆరవ తరగతిలో నుండగా, వానిచేతికిచ్చి పంపితిని.