రెండు పిల్లలమర్రిలు

ఆదివారం పొద్దున్నే నాయిన ఫోన్. "నేను చెప్పింది గుడి ముచ్చట గదరా, గీడ మర్రిచెట్టు కనవడుతున్నదేంది?"

సంగతేంటంటే, మా వైపు ఊళ్ల గురించి నాయిన ఫోన్లో చెప్తుంటే నేను టైప్ చేసి ఒక చిన్న సైటులో పెడుతున్నా. డేటాబేసు లేదు, లాగిన్ లేదు. మార్క్‌డౌన్ ఫైళ్లు, వాటిని పేజీలుగా మార్చే జెకిల్, అంతే. ప్రతి ఫైలు మొదట్లో మూడేసి గీతల మధ్య నాలుగు లైన్లుంటాయి: శీర్షిక, తేదీ, ట్యాగులు, పర్మాలింక్. ఫ్రంట్ మ్యాటర్ అంటారు. నేను దాన్ని ఎప్పుడూ పాత ఫైల్లోంచి కాపీ కొట్టి పైపైన మార్చేవాణ్ణి. అసలు రాత కిందుంది కదా అని ధీమా.

మాకు పిల్లలమర్రిలు రెండు. సూర్యాపేట దగ్గర ఊరొకటి, కాకతీయుల సామంతులు రేచర్ల రెడ్లు కట్టించిన ఎరకేశ్వర, నామేశ్వర ఆలయాలున్నది. పాలమూరు పక్కనున్న మహా మర్రిచెట్టు రెండోది. రెండు ఫైళ్లకీ పర్మాలింక్ ఒకటే ఇచ్చా. చెట్టొచ్చి గుడి స్థానంలో కూర్చుంది. బిల్డ్ చేసేటప్పుడు జెకిల్ హెచ్చరించింది కూడా. ఆఫీసులో వార్నింగులు చదవనివాణ్ణి ఇంట్లో చదువుతానా!

(అన్నట్టు, అడ్రసు తెలుగులోనే పెట్టొచ్చుగా అంటారా? పెట్టి చూశా. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, లింకు కాపీ చేస్తే ఒక్కో బైటుకి 3 అక్షరాలు. 'పిల్లలమర్రి'లో గుడులు, పొల్లులు కలిపి 11 సంకేతాలు, అంటే 99 అక్షరాల తోరణం. నాయిన వైరస్ అనుకున్నాడు.)

లింకులు విడదీశాక జిల్లా దగ్గర ఆగిపోయా. ఫ్రంట్ మ్యాటర్లో మనక్కావలసిన లైను ఏదైనా చేర్చుకోవచ్చు కాబట్టి 'జిల్లా' అని చేర్చి, గుడికి సూర్యాపేట అని రాశా. 2016 అక్టోబర్ 11న వేరుపడింది కదా. నాయిన ఒప్పుకోలేదు. "నేను చదువుకున్నప్పుడు నల్లగొండనే. నా ముచ్చట్ల సూర్యాపేట జిల్లా యాడికెల్లి వచ్చె?"

న్యాయమే. 2019లో జిల్లా అయిన నారాయణపేట గురించి పాలమూరు వాళ్లని అడిగినా ఇదే మాట వస్తుంది. అందుకే 'ఇప్పటి జిల్లా', 'అప్పటి జిల్లా' అని రెండు లైన్లు చేశా. తేదీకీ అంతే. నేను టైప్ చేసిన రోజు ఒకటి, ఆయన చెప్పే కాలం ఇంకోటి. ఇన్నాళ్లూ మొదటిదే రాశా. రెండోది ఎక్కడా లేదు, ఆయన తలలో తప్ప. ఆయనకి డెబ్బై దాటాయి.

ఇప్పుడు రోజూ రాత్రి ఫోన్లో నాలుగు ఫైళ్లు చదివి వినిపించి, ఏ ఏడు అని అడుగుతున్నా. నిన్న ఒకదానికి ఎంతకీ గుర్తురాలేదు. "మీ మేనత్త పెండ్లయిన ఏడు, రాసుకో" అన్నాడు. అలాగే రాశా.