పాత జబ్బులేమైనా ఉన్నాయా?

2021 మే నెల. పర్చూరు దగ్గర మా పిన్ని వాళ్ల ఊళ్లో మిరపకాయల్లో తాలు ఏరే పని ఇంకా అవలేదు. చెల్లికి దగ్గు మొదలైతే రెండు రోజులు ఆ ఘాటు వల్లే అనుకున్నారు. మా వైపు దగ్గుని ఎవరూ జబ్బుల్లో లెక్కేయరు. మూడో రోజు జ్వరం. పరీక్ష చేయిస్తే పాజిటివ్.

బెంగళూరు నుంచి నేనే ఒక డాక్టరుగారిని ఫోన్లో కలిపాను. ఆయన అన్నీ అడిగి, చివర్లో "పాత జబ్బులేమైనా ఉన్నాయామ్మా?" అన్నారు.

"ఏమీ లేవండీ," అంది పిన్ని.

చెల్లికి ఏడేళ్లప్పుడు, 2004లో, లుకేమియా వచ్చింది. అప్పటికి ఆరోగ్యశ్రీ లేదు. ఎకరం అమ్మి మూడేళ్లు హైదరాబాదు తిరిగారు. తగ్గింది. తగ్గాక ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, పెళ్లి కావాల్సిన పిల్ల కదా. ఫైలు ఇనప్పెట్టెలోకి వెళ్లిపోయింది. ఆ రోజు ఫోన్లో నేనూ నోరు మెదపలేదు.

రాత్రంతా నెట్‌లో చదువుతూ కూర్చున్నాను (భయమేస్తే మావాళ్లు గుడికెళ్తారు, నేను గూగుల్‌కి). ఆ తర్వాత ఆగస్టులో లాన్సెట్ ఆంకాలజీలో ఒక పేపరు వచ్చింది. 45 దేశాల లెక్క అది. కేన్సర్ ఉన్న పిల్లల్లో కోవిడ్ సోకితే ఐదుగురిలో ఒకరికి తీవ్రమైంది, నూటికి దాదాపు నలుగురు చనిపోయారు. కానీ ఎప్పుడో చికిత్స ముగిసిపోయిన చెల్లికి ఆ అంకెలు వర్తించవు. తన సంగతి వేరు. లుకేమియాకి వాడే మందుల్లో డాక్సోరూబిసిన్ అని ఎర్రటిది ఒకటుంటుంది. మొత్తం ఎంత డోసు ఎక్కిందన్నదాన్ని బట్టి అది గుండె కండరాన్ని దెబ్బతీయొచ్చు, అదీ ఏళ్ల తర్వాత బయటపడొచ్చు. కోవిడ్ కూడా గుండె జోలికి వెళ్లగలదు. ఆయాసం వస్తే అది ఊపిరితిత్తులదా, గుండెదా? పాత జబ్బు సంగతి తెలియని డాక్టరు ఆ రెండో అనుమానం ఎందుకు పడతాడు?

తెల్లారాక ఆయనకి విడిగా ఫోన్ చేసి చెప్పేశాను. "ఈ మాట నిన్ననే చెప్పాల్సింది," అన్నారు. ఆ మందు ఎంత ఎక్కిందో కావాలన్నారు, ఎకో తీయించమన్నారు. దాంతో పిన్ని ఇనప్పెట్టె తెరవక తప్పలేదు.

ఆక్సిజన్ 94 కంటే దిగలేదు. ఎకో బాగానే ఉంది. పిన్ని ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు, అది నేను ఊహించిందే. ఊహించనిది చెల్లి అడిగిన మాట.

"డాక్టరుకి చెప్పావు, మంచిదే. ముందు నన్నెందుకు అడగలేదన్నయ్యా? ఆ రోజు నేనూ స్పీకర్లో వింటూనే ఉన్నాగా."

ఇరవై నాలుగేళ్ల పిల్ల. నిజంగానే నాకు తట్టలేదు.

ఫైలు ఇప్పుడు తన దగ్గరే ఉంది. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లకి చెప్పాలో వద్దో తనే తేల్చుకుంటానంది. పిన్ని ఇంకా ఒప్పుకోలేదు.